ఎర్ర పట్టీ దాకా

అనూహ్యకి అన్నం వడ్డించాక కాసేపు ఆగాలి. కుడి పక్కన ఉన్నదంతా తినేసి, ఖాళీ అయిన చోట వేళ్ళతో తడుముకుంటున్నప్పుడు పళ్ళెం అంచు పట్టుకుని సగం చుట్టు తిప్పాలి. అప్పుడు మిగిలిన సగం ఆమెకి కనపడుతుంది. "అబ్బ, ఇంకా ఉందా!" అంటుంది. రోజూ అదే మాట, రోజూ అంతే ఆశ్చర్యం. తిప్పేటప్పుడు చప్పుడు కాకూడదు. పళ్ళెం బల్ల మీద గీసుకుంటే తలెత్తి చూస్తుంది, ఎవరో తనని చిన్నపిల్లని చేసినట్టు మొహం పెడుతుంది. అందుకని కింద తడిబట్ట వేసేదాన్ని. ఆ పని నాకు ఎంత అలవాటైందంటే, మరిదికి వడ్డించినప్పుడు కూడా ఒకసారి నా చెయ్యి పళ్ళెం అంచు మీదికి వెళ్ళింది.

అనూహ్య నా తోడికోడలు. మా మరిది ఫణిభూషణ్ మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. గుండ్లపోచంపల్లిలో రాధమ్మగారింట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పోయిన కార్తీకంలో కూతురు సహస్రని స్కూలు నుంచి తీసుకురావడానికి స్కూటీ మీద వెళ్తుంటే, గోడౌన్‌లోంచి వెనక్కి వస్తున్న డీసీఎం సరుకుల బండి తగిలి పడిపోయింది. హెల్మెట్ ఉంది, అద్దానికి తగిలించి ఉంది. తలకి కుడి పక్క ఆపరేషన్ చేశారు.

ప్రాణం దక్కింది. మాట దక్కింది. జ్ఞాపకం చాలావరకు దక్కింది. దక్కనిది ఎడమ పక్క. కళ్ళలో ఏ లోపమూ లేదని కళ్ళ డాక్టరు చెప్పారు. కన్ను చూస్తుంది, మెదడు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎడమ పక్క అనేది ఒకటుందని ఆమెకి తోచదు. మొహానికి పౌడరు సగం వరకే. ఒక కాలికే చెప్పు. గుమ్మం దాటిన ప్రతిసారీ ఎడమ భుజం తలుపు చెక్కకి కొట్టుకుంటుంది. సహస్ర ఎడమ పక్క నిలబడి "అమ్మా" అంటే కుడి పక్క వెతుక్కునేది. ఆ పిల్ల త్వరగానే నేర్చుకుంది. ఇప్పుడు ఎక్కడున్నా చుట్టూ తిరిగి తల్లికి కుడి పక్కకే వచ్చి నిలబడుతుంది.

వీటన్నిటికంటే కష్టమైంది ఇంకొకటుంది. తనకేమీ కాలేదని ఆమె నమ్మకం. "నేను బాగానే ఉన్నాను, మీరందరూ ఎందుకిలా నా చుట్టూ తిరుగుతారు?" అంటుంది. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

ఆమెకి తల్లి లేదు. వీళ్ళ దగ్గరే ఉండే మా అత్తగారు నాగమణిగారికి మోకాళ్ళ నొప్పులు. ఇంకెవరున్నారు? పది రోజులు ఉండి వద్దామని తణుకు నుంచి వచ్చాను. కార్తీకం పోయి, చలి పోయి, ఉగాది పోయి, ఎండలు పోయి శ్రావణం వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఇంటికెళ్ళి, చీరలు మార్చుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళి వచ్చేశాను. మా ఆయన ఫోన్ చేసి, "ఇంగువ ఎక్కడుంది?" అని అడుగుతారు. చెప్తాను. నాలుగు రోజులాగి మళ్ళీ అదే అడుగుతారు. మా ఆదిత్య ఇంటర్ రెండో సంవత్సరం. ఫోన్లో వాడి గొంతు మారిపోయింది. ఎప్పుడు మారిందో నాకు తెలీదు.

నాకు ఒంట్లో జబ్బేమీ లేదు. పొద్దున లేచేటప్పటికే అలసిపోయి ఉంటాను, అంతే. నాకు కావాల్సింది ఒక్కటే. మా ఇంటికి వెళ్ళి, నా వంటింట్లో, నా ఒక్కదానికే కాఫీ కలుపుకుని కూర్చుని తాగడం.

వారానికి మూడు రోజులు ఆమెని ఆటోలో మేడ్చల్ మీదుగా శామీర్‌పేట దగ్గరున్న రీహాబ్ సెంటర్‌కి తీసుకెళ్ళేదాన్ని. చేతులకీ కాళ్ళకీ వ్యాయామాలు కింది అంతస్తులో. పైన ఒక పెద్ద హాలు. అందులో డప్పులు, కంజీర, బంకమట్టి తొట్టి, రంగులు, పాత చీరలు, అట్టముక్కలు. మొదటిసారి చూసినప్పుడు నాకు నర్సరీ స్కూలు గుర్తొచ్చింది. ఇంత పెద్ద దెబ్బకి బొమ్మలు గీయించడమా అనుకున్నాను. అక్కడ ఈ పని చూసే అమ్మాయి అశ్రిత. మేడ్చల్ అమ్మాయే, ఎక్కడో పై చదువు చదివి వచ్చింది.

"గియ్యడం వచ్చిందా రాలేదా అని కాదక్కా నేను చూసేది" అని ఆ అమ్మాయి నాకు చెప్పింది. "బొమ్మలోపట మనిషి కనపడ్తరు. పేషెంట్ నోటితోని 'నేను మంచిగున్న' అంటరు. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు."

నిజమే. అనూహ్యని పువ్వు గీయమంటే కుడి రెక్కలే గీసింది. మట్టితో మొహం చెయ్యమంటే దానికి ఒకటే చెవి. అదే బల్ల దగ్గర నరసింహగారని శామీర్‌పేట ఆయన ఒకరు కూర్చునేవారు. పొలాలు ప్లాట్లు చేసిన మనిషి. బాత్రూంలో జారిపడి తలకి దెబ్బ తగిలిందట. డప్పు మీద ఒక దెబ్బ కొట్టి, రెండోది మర్చిపోయి, కొట్టిన చేతిని అలాగే గాలిలో ఉంచేవారు. "నా తల్కాయల సగం ఖాళీ జాగనే అమ్మా. జల్దీ ప్లాట్లు జేసి అమ్మేస్త" అని ఆయనే నవ్వేవారు. అనూహ్య కూడా నవ్వేది. ఆ హాల్లోనే ఆమె నవ్వడం చూశాను. అందుకైనా వెళ్ళాలనిపించేది.

ఒకరోజు మాటల్లో, అనూహ్య ముగ్గులు బాగా వేసేదని చెప్పాను. అశ్రిత కళ్ళు మెరిశాయి. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయించమంది. చుక్కలు ఎవరైనా పెట్టొచ్చు, గీతలు మాత్రం ఆమే కలపాలి. ముగ్గుకి ఎడమ అంచున ఎర్ర రంగుతో ఒక వెడల్పాటి పట్టీ గీయమంది. ఎర్ర పట్టీ కనిపించేదాకా తల తిప్పుతూ పోవాలి, అది కనపడితేనే ముగ్గు మొత్తం చూసినట్టు. పక్కన నిలబడి ఎవరూ అందించకూడదు. అయిపోయాక ఫోటో తీసి పంపాలి.

"సెంటర్‌ల కాగితం మీద మెల్లమెల్లగ మంచిగనే చేస్తున్నరు" అంది అశ్రిత. "ఇక్కడ సప్పుడుండదు, నేను గుర్తు చేస్తుంట. ఇంట్ల ఎట్లున్నరన్నదే నాకు ముఖ్యం. అది నాకు ముగ్గే చెప్తది."

మేడ్చల్ నుంచి చిన్న డబ్బా రంగు తెచ్చి పట్టీ నేనే గీశాను, చెక్క స్కేలు పెట్టి, వంకర లేకుండా. అప్పటినుంచి పొద్దున నేను వంటింట్లో సహస్రకి బాక్సు సర్దుతుంటే, అత్తయ్యగారు వాకిట్లో చుక్కలు పెట్టి పక్కకి జరిగేవారు. అనూహ్య ముగ్గు వేసి లోపలికొచ్చి, నేను కాచిన నీళ్ళతో స్నానం చేసేది. ఫణి ఆఫీసుకి వెళ్ళేముందు ఫోటో తీసి పంపేవాడు. సహస్రని స్కూలు బస్సు ఎక్కించడానికి నేను గబగబా బయటికొచ్చేసరికి వాకిట్లో నిండుగా ముగ్గు ఉండేది. దాన్ని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళేవాళ్ళం.

మొదటి ఫోటోలు చూసి అశ్రిత నమ్మలేదు. తర్వాత నమ్మింది. పోయిన సోమవారం రివ్యూలో డాక్టరుగారికి ఫోన్లో అవన్నీ చూపించింది. స్కూటీ ఇప్పుడే వద్దు, కానీ పగలు ఇంట్లో పనులు సొంతంగా చేసుకోవచ్చు, స్టవ్ వాడొచ్చు, పాపని చూసుకోవచ్చు అన్నారు. నా వైపు తిరిగి, "ఇక మీరు రెస్టు తీసుకోండమ్మా" అన్నారు. బయటికొచ్చి ఆటో ఎక్కకముందే మా ఆయనకి ఫోన్ చేశాను. సాయంత్రానికి ఆదివారం రైలుకి టికెట్టు వచ్చింది. ఆ రాత్రి పెట్టె కిందికి దింపి, తుడిచి, మంచం పక్కన పెట్టుకున్నాను.

గురువారం ఉదయం బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్తుంటే, రాధమ్మగారు మెట్ల మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నారు.

"చెల్లే, ఆయితారం పోతున్నవట?"

"అవునండీ, అనూహ్యకి నయమైందిగా."

"మంచిది. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మీ ఇంట్ల ఒక్క ముగ్గుకు ఇద్దరు మనుషులేంది?"

"ఇద్దరెవరండీ?"

"చిన్నకోడలు ఏసి లోపటికి పోతది. ఇగ మీ అత్త కిందమీద పడుకుంట కూసొని తెల్లపిండి పట్టుకొని మల్ల ఏస్తది. రోజు జూస్తనే ఉన్న. బాల్కనీల చాయ్ దాగుతా గదే నా టీవీ."

తడిబట్టల బకెట్టు మెట్టు మీద పెట్టి కిందికి దిగాను. వాకిట్లో ముగ్గు ఇంకా చెదరలేదు. అనూహ్య చేతిలోంచి పిండి నూలుపోగులా సన్నగా జారుతుంది, దెబ్బ తర్వాత కూడా అది మారలేదు. అత్తయ్యగారి గీత లావు, మధ్యమధ్య తెగుతుంది. కుడి సగం అంతా నూలుపోగు. ఎడమ సగం అంతా లావు గీత. రోజూ దాని పక్కనుంచే నడిచాను. ఎవరింటికైనా వెళ్తే వాళ్ళ దిండు గలేబు కుట్టు వంకర కూడా కనిపెట్టేదాన్ని.

అత్తయ్యగారు దేవుడి గదిలో వత్తులు చేసుకుంటున్నారు.

"అత్తయ్యగారూ, ముగ్గు ఎడమ సగం మీరు వేస్తున్నారా?"

"వేస్తున్నాను. ఏం?"

దాచలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఎందుకండీ?"

"ఎందుకేంటే? సగం ముగ్గు గుమ్మంలో వదిలేస్తారా ఎవరైనా? మెలిక మూసుకోకుండా నోరు తెరుచుకుని ఉంటే ఇంటికి మంచిదేనా? ఈ ఇంటికి వచ్చింది చాలదూ?"

"అది ముగ్గు కాదండీ, వైద్యం. దాన్నే ఫణి ఫోటో తీసి పంపుతున్నాడు. అది చూసేగా అనూహ్యని ఒంటరిగా వదలొచ్చన్నారు!"

వత్తి చేస్తున్న వేళ్ళు ఆగాయి. "ఫోటోల సంగతి నాకేం తెలుసు? వాడు ఎప్పుడూ ఆ ఫోను పట్టుకునే ఉంటాడు. ముగ్గు బాగుందని తీసుకుంటున్నాడనుకున్నా."

"మీరు నింపేస్తే ఆమె చేసినట్టవుతుందా, అత్తయ్యగారూ?"

అప్పుడు తలెత్తి చూశారు. "మరి నువ్వు పళ్ళెం తిప్పట్లా?"

తడిచేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"నువ్వు తిప్పితే సేవ, నేను గీస్తే తప్పా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చూడమ్మాయ్. నువ్వెంత నలిగిపోయావో నాకు మాత్రం తెలీదా? నీ మొహం చూస్తే నాకే భయమేస్తోంది. టికెట్టు తీసుకున్నావుగా, వెళ్ళు. ఈ మాట ఎవరికీ చెప్పకు. దీన్ని నేను చూసుకుంటాను. నీ కొడుకుని నువ్వు చూసుకో."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మళ్ళీ మేడెక్కి బట్టలు ఆరేశాను. ఆరేస్తూ ఆలోచించాను. ఆవిడ చెప్పిందీ నిజమే, ఇంట్లో పెద్దావిడ ఉంటుంది. ఫణి సాయంత్రానికి వస్తాడు. నేను శాశ్వతంగా ఇక్కడ ఉండలేనుగా. నా చేతిలో ఉన్నవి ఆదిత్యవి కాదు, సహస్ర స్కూలు మేజోళ్ళు. వాటినే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

మధ్యాహ్నం అనూహ్యకి అన్నం పెట్టాను. పప్పు, బీన్స్ వేపుడు, గడ్డపెరుగు. పళ్ళెం కింద తడిబట్ట వెయ్యలేదు. ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

కుడి సగం తినేసింది. వేళ్ళతో తడుముకుంది. "అక్కా, ఇంకొంచెం అన్నం పెట్టు. పప్పు బాగుంది" అంది.

"పళ్ళెంలో ఉందిగా."

"ఎక్కడ? అయిపోయింది."

"ఉంది, చూడు."

చూసింది. నిజంగానే చూసింది, పళ్ళెం వైపు మొహం వంచి మరీ. ఎడమ పక్క అన్నం ముద్ద, దాని మీద పప్పు, పక్కనే వేపుడు, ఆమె వేళ్ళకి జానెడు దూరంలో ఉన్నాయి. "ఏడిపిస్తున్నావా?" అని నవ్వబోయింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. వేళ్ళు నాక్కుని, "సర్లే, కడుపు నిండిందిలే" అని లేచింది. వెళ్తూ తలుపు చెక్కకి ఎడమ భుజం కొట్టుకుంది.

ఆకలి తీరలేదని నాకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచో ఆమెకి కొలిచి వడ్డిస్తున్నదాన్ని. ఆదివారం తర్వాత రోజూ ఇలాగే లేస్తుంది. స్టవ్ మీద ఎడమ పొయ్యి కట్టేయడం మర్చిపోతుంది, కాదు, అక్కడ పొయ్యి ఒకటుందనే తెలీదు. అత్తయ్యగారు వెనకాలే తిరిగి అన్నీ నింపుతారు, ఆ మోకాళ్ళతో ఎన్నాళ్ళు నింపితే అన్నాళ్ళు. ఇక సహస్ర. తల్లికి కుడి పక్కనే నిలబడాలని ఆ పిల్లకి గుర్తున్నంత కాలం ఫరవాలేదు. రోడ్డు మీద ఏదో ఒకరోజు ఆటలో మర్చిపోతుంది.

పళ్ళెం తీయలేదు. మూత పెట్టాను. ఎంగిలి పళ్ళెం మీద మూత పెట్టడం నా జన్మలో అదే మొదలు.

మర్నాడు శ్రావణ శుక్రవారం. తెల్లారేసరికి అత్తయ్యగారు తలారా స్నానం చేసి చుక్కలు పెట్టారు. నేను బాక్సు సర్దడం ఆపి, ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. అనూహ్య గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుని గీస్తోంది. సన్నటి గీత కుడి పక్క చుక్కలన్నిటినీ అందంగా చుట్టి మధ్యదాకా వచ్చింది. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. చేతులు దులుపుకుని లేచింది. "బాగా వచ్చింది కదక్కా?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఎడమ పక్క చుక్కలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటి అవతల నేను స్కేలు పెట్టి గీసిన ఎర్ర పట్టీ.

అత్తయ్యగారు పిండిగిన్నెతో ముందుకు వచ్చారు. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"శుక్రవారమే అమ్మాయ్! శ్రావణ శుక్రవారం!"

"ఒక్క నిమిషం ఆగండి." ఫోటో తీశాను.

ఫణి షూ వేసుకుంటూ బయటికొచ్చి ముగ్గు చూసి, "అదేంటి, ఈరోజు ఇలా వేసింది?" అన్నాడు.

"రోజూ ఇలాగే వేస్తోందయ్యా. నిన్నటిదాకా మిగతాది మీ అమ్మగారు వేశారు."

వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. ఒక షూ తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"వదినా, ఈ ఫోటో పంపితే మళ్ళీ మొదటికొస్తుంది. మీరే వెళ్ళాలన్నారు... మీ టికెట్టు..."

"తెలుసు."

"ఒక్క నెల చూద్దాం. ఈలోగా ఏమన్నా మారుతుందేమో."

అతన్ని తప్పుపట్టలేను. రాత్రి షిఫ్టులు మానుకుని, ప్రమోషన్ వదులుకుని, ఆసుపత్రి కారిడార్లలో సగం జుట్టు తెల్లబడ్డ మనిషి. అయినా ఫోటో అశ్రితకి పంపేశాను. పంపి, ఫోను తీసుకెళ్ళి అనూహ్యకి చూపించాను.

"బాగానే ఉందిగా" అంది, తల తుడుచుకుంటూ.

ఫోను తలకిందులుగా తిప్పాను. ఇన్నాళ్ళూ పళ్ళెం తిప్పినట్టే. ఇప్పుడు ఖాళీ చుక్కలు ఆమెకి కుడి పక్కకి వచ్చాయి.

చాలాసేపు చూసింది. తువ్వాలు జారి కింద పడింది.

"ఇది నేను వేసిందేనా?"

"నువ్వు వేసిందే."

"రోజూ ఇంతేనా?"

"ఊఁ."

"మరి నాకు నిండుగా..." అని ఆగిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెని అంత తెలివిలో, అంత దిగులుగా ఆ దెబ్బ తగిలాక చూడలేదు. మంచి చేశానో చెడ్డ చేశానో తెలీక గుమ్మంలో నిలబడ్డాను.

అశ్రిత ఫోన్ చేసింది. "అక్కా, గీ ఫోటో ఈరోజుదేనా?"

"ఈరోజుదే. ఇంతకుముందు పంపినవన్నీ మా అత్తయ్యగారి చెయ్యి పడినవి."

"అమ్మగారికి ఇయ్యండి ఫోను" అంది.

స్పీకర్ పెట్టి ఇచ్చాను. తిట్లు వింటానికి సిద్ధమైనట్టు అత్తయ్యగారు కొంగు భుజం మీదికి లాక్కున్నారు.

"అమ్మా, తప్పు నాది గూడ ఉంది. ముగ్గు సగంల ఇడిసిపెట్టొద్దని మా అవ్వ గూడ అంటది. నేను దాన్ని ఎక్సర్‌సైజ్ లెక్కనే చూసిన గని, అది వాకిట్ల ముగ్గని ఆలోచించలే."

"అదేనమ్మా నేను అనేది" అన్నారు అత్తయ్యగారు, కొంచెం బలం వచ్చి.

"గానీ నాకు మీ ముగ్గు వద్దు, అనూహ్య ముగ్గు గావాలె. గిట్ల చేద్దాం. పొద్దుగూకేదాక సగమే ఉండనియ్యండి. మళ్ళ ఆమెనే వచ్చి నింపాలె. పిలవొద్దు, చూపించొద్దు. పొద్దుగూకినంక గూడ గట్లనే ఉంటే, ఫోటో తీసినంక మీరు నింపుండ్రి."

"దీపం పెట్టేలోపా?"

"దీపం పెట్టేలోపు."

"ఈలోపు ఎవరైనా తొక్కితే?"

"తొక్కనియ్యకుండ్రి మీరు."

ఫోను మళ్ళీ నా చేతికి వచ్చింది. "డాక్టర్‌సాబ్‌కు నేను చెప్త అక్కా. ఒంటరిగ ఉంచుడు ఇప్పట్ల కాదు. మీరు ఆయితారం పోతరా మరి?"

"ఇంకా ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"నిజం చెప్పాల్నా?"

"వద్దులే" అన్నాను.

ఆ రోజంతా అత్తయ్యగారు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఒళ్ళో పిండిగిన్నెతో. పూజ కూడా తొందరగా ముగించారు. కొరియర్ అబ్బాయి వస్తే, "అటునుంచి! అటునుంచి రావయ్యా బాబూ!" అని కేక పెట్టారు. పైనుంచి రాధమ్మగారు, "ఏంది పెద్దమ్మా, ముగ్గుకు కావలి కూసున్నవా?" అన్నారు.

"కూర్చున్నానమ్మా. నీకు మేమే టీవీ అటగా, చూడు బాగా."

రాధమ్మగారు పకపకా నవ్వి, కాసేపటికి కిందికొచ్చి, గేటు గొళ్ళెం పెట్టి, తనూ ఇంకో కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు.

మబ్బు పట్టింది. సెంటర్‌కి వెళ్ళే రోజే అయినా అనూహ్య లేవలేదు, నేనూ లేపలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకుంది. స్కూలు బస్సు వచ్చే వేళకి తనంతట తనే లేచి బయటికొచ్చింది. తలుపు చెక్కకి భుజం కొట్టుకుంది. ముగ్గు ముందు నిలబడి చూసింది. కుడి పక్క ముగ్గే ఆమెకి కనపడుతోందని మాకు తెలుసు. మాకు మాట వస్తోంది, ఆపుకున్నాం. అత్తయ్యగారి వేళ్ళు పిండిగిన్నె అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"అక్కా, పొద్దున ఫోన్లో నాకెలా కనపడింది?"

"తిప్పితే కనపడింది."

కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని, మెల్లిగా, ముగ్గుకి ఆ పక్క, గేటు వైపుకి నడిచింది. ఇంటి వైపు తిరిగి నిలబడింది. ఇప్పుడు ఖాళీ చుక్కలు ఆమెకి కుడి పక్కన ఉన్నాయి, ఎర్ర పట్టీతో సహా.

"అమ్మో" అంది. "ఇంతుందా!"

కూర్చుంది. చెయ్యి చాపితే అత్తయ్యగారు పిండిగిన్నె అందించారు. గీయడం మొదలుపెట్టింది. పొద్దుటంత నిలకడ లేదు, చెయ్యి అలసిపోయింది, నూలుపోగు అక్కడక్కడ వణికింది. అయినా చుక్క వెంట చుక్క చుట్టుకుంటూ ఎర్ర పట్టీ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చింది. మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. పొద్దున వేసిన సగం ఇప్పుడు ఆమెకి ఎడమ పక్కకి వెళ్ళిపోయింది. కలవాల్సిన చోటు కనపడటం లేదు. రెండు సగాల మధ్య గీతలన్నీ కొసలు తేలిపోయి, ఎదురెదురుగా ఆగి ఉన్నాయి.

"కలవలేదే..." అన్నారు అత్తయ్యగారు గొంతులోనే. నేను తల అడ్డంగా ఊపాను.

బస్సు దిగి వచ్చిన సహస్ర గేటు దగ్గరే ఆగి, "అమ్మా, నువ్వేసావా?" అంది. ఎడమ పక్క నుంచి అంది. అనూహ్య కుడి పక్క వెతుక్కుంది. తర్వాత ఎందుకో ఆగి, తల మెల్లిగా ఎడమకి తిప్పడం మొదలుపెట్టింది. సగం దూరం తిప్పేసరికే పిల్ల అలవాటుగా చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చేసింది.

"ఉండవే, నువ్వు అక్కడే ఉండు!" అంది అనూహ్య విసుగ్గా. సహస్ర బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది.

పొద్దు వాలింది. దీపం వేళ అయింది. నేను ఫోటో తీశాను. అత్తయ్యగారు గిన్నె పట్టుకుని, "కలపనా తల్లీ? రెండు గీతలే" అని అడిగారు.

"వద్దత్తయ్యా. నేనే కలుపుతా."

"ఎప్పుడే? దీపం పెట్టాలి."

"రేపు."

అత్తయ్యగారు ముగ్గు వైపు చూశారు. నా వైపు చూశారు. గిన్నె మెట్టు మీద పెట్టేసి, లోపలికెళ్ళి దీపం తెచ్చి గుమ్మంలో పెట్టారు. దణ్ణం మాత్రం చాలాసేపు పెట్టుకున్నారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. "టికెట్టు క్యాన్సిల్ చేసెయ్యండి."

"మళ్ళీనా?" అన్నారు. కోపం లేదు, ఆయనకీ ఓపిక అయిపోయింది.

"మళ్ళీనే. ఆదిత్యని రమ్మనండి ఒకసారి, సెలవు చూసుకుని. ఇంగువ పై అరలో, కాఫీ పొడి డబ్బా వెనకాల ఉంది."

పెట్టె మంచం కిందికి తోశాను. వంటింట్లోకి వెళ్ళి అందరికీ వడ్డించాను. అనూహ్య పళ్ళెం కింద తడిబట్ట వెయ్యలేదు. ఎదురుగా కూర్చున్నాను. కుడి సగం తినేసింది. ఖాళీ అయిన చోట వేళ్ళతో తడుముకుంది. నా చెయ్యి దానంతట అదే లేచింది. వెనక్కి తీసుకున్నాను.

ఆమె తడుముకోవడం ఆపి నా మొహంలోకి చూసింది.

"అక్కా, ఇంకా ఉందా?"

"ఉంది" అన్నాను.